బంతి మొక్కల లెక్క

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనాలు చెయ్యడం మానేసి చాలా రోజులైంది. ఒక కొసన మామగారి కంప్యూటరు, రెండో కొసన కోడలి కంప్యూటరు, మధ్యలో అల్లుకుపోయిన వైర్లు, అడుగున మరక కట్టిన కాఫీ కప్పులు. అత్తగారు దీని గురించి ఒక్క మాట అనలేదు. బల్ల దగ్గర అనలేదని అర్థం. వంటగదిలో కొడుకు దొరికినప్పుడల్లా, "ఆ విడుదలేదో అయ్యేదాకా ఈ కొంపలో మనుషులు గోడకి ఆనుకుని తినాల్సిందేరా" అంటూనే ఉన్నారు.

విడుదలంటే సినిమా కాదు. 'తక్కెడ' అని ఒక సాఫ్ట్‌వేరు ఉంది. అంకెలు గుట్టలుగా పోస్తే వాటిలోంచి అర్థం పిండి చేతిలో పెడుతుంది. ఫలానా మందు పనిచేసిందా, వచ్చే ఏడు వానలెలా ఉంటాయి, ఇలాంటివి తేల్చుకోవడానికి ఎక్కడెక్కడివాళ్లో దాన్ని వాడతారు. ఎవరడిగినా ఊరికే ఇస్తారు. లోపలి సరుకంతా బయటే పరిచి ఉంటుంది కాబట్టి ఓపికున్నవాళ్లు తొంగి చూసి తప్పులు పట్టవచ్చు, దిద్దనూవచ్చు. దాన్ని మొదలుపెట్టింది మామగారే, కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే రోజుల్లో. ఇప్పుడు వందల మంది చేతులు దాని మీద పడ్డాయి. ఒక్కరికీ జీతం లేదు. జీతం లేని పనికి ఉండే పంతాలు, పట్టింపులు మాత్రం అందరికీ ఉన్నాయి.

ప్రతి పెద్ద విడుదలకూ ఒక అంకె, పక్కన ఒక ముద్దుపేరు ఉంటాయి. అంకె అందరూ కలిసి వేస్తారు, పేరు మాత్రం మామగారి సొంతం. ఆ కాలంలో తన ప్రాణం ఎక్కువగా తోడినదేదో దాని పేరే పెడతారాయన. 'కారే కొళాయి', 'కిర్రు తలుపు', 'పక్కింటి డ్రమ్ములు' అలా వచ్చినవే. తక్కెడ తెరవగానే మొదటి వరుసలో ఆ పేరు కనిపిస్తుంది. ఆ డ్రమ్ములవాడు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయినా, లోకంలో సగం మంది శాస్త్రవేత్తలు పొద్దున్నే అతన్ని తలుచుకునేవారు.

ఈసారి విడుదల బాధ్యత కోడలిది. ఆమె ఉద్యోగం పాల డెయిరీ ల్యాబులో, లెక్కల విభాగం. ఇంట్లో ఆమెకు మామగారు పెట్టిన పేరు 'చాదస్తం'. ఆ ఇంటికొచ్చిన కొత్తలో ఆయన ఉత్సాహంగా, "కొత్త తక్కెడ రెండింతలు వేగం, అమ్మాయ్" అన్నారు. ఆమె వినయంగా, "దేనికంటే మావయ్యా?" అని అడిగింది. ఆయన దేనికంటేనో చెప్పారు. "ఏ కంప్యూటర్ మీద?" అంది. అదీ చెప్పారు. "ఎన్నిసార్లు కొలిచారు?" అనేసరికి ఆయన లేచి వాకింగ్‌కి వెళ్లిపోయారు. తిరిగొచ్చేటప్పటికి పేరు ఖాయమైపోయింది.

తక్కెడకు గుండెకాయలాంటి భాగాన్ని వాళ్లు ఇంజిన్ అంటారు. కాగితం మీద చుక్కలుగా పడ్డ కొలతల మీదుగా సరిగ్గా కుదిరే వంపుగీత వెతకడం దాని పని. పాత ఇంజిన్ మామగారు రాసింది. డెయిరీలో పాలు ఎన్నాళ్లు నిలవుంటాయో లెక్కకట్టబోతే అది తరచూ చేతులెత్తేసేది. ఆమె పక్క టేబుల్ ఆయన, పెద్దవాడు, సౌమ్యుడు, రోజంతా కూర్చుని అంకెలెక్కించి సాయంత్రానికి 'జవాబు దొరకలేదు' అన్న వరుస చూసి బ్యాగు సర్దుకునేవాడు. ఆ మొహం చూడలేక కొత్త ఇంజిన్ మొదలుపెట్టింది. నాలుగేళ్ల ఆదివారాలు దానికే ధారపోసింది. "వచ్చే పెద్ద విడుదలలో మీ లెక్క తేలుతుంది, చూడండి" అని ఆయనకు మాట కూడా ఇచ్చేసింది.

పెద్ద విడుదల అని ఎందుకందంటే, చిన్నాచితకా విడుదలల్లో జవాబులు మారే మార్పులేవీ చెయ్యకూడదని వాళ్ల కట్టుబాటు. పెద్దది మళ్లీ ఎన్నేళ్లకో. ఇప్పుడు ఎక్కలేదంటే ఆ ఇంజిన్ అటకెక్కినట్టే. విడుదలకు ముందు శుక్రవారం సాయంత్రం 'తాళం' వేస్తారు. ఆ తర్వాత, ముద్దుపేరు ఎక్కించడానికి తప్ప, ఎవరూ లోపల వేలు పెట్టకూడదు.

తాళానికి ముందురోజు పొద్దున ఎర్రదీపం ఫోన్ చేశాడు.

ఎర్రదీపం వేరే ఊళ్లో ఉంటాడు. తక్కెడ మీద ఆధారపడి బయటివాళ్లు రాసుకున్న ప్రోగ్రాములు వేలల్లో ఉన్నాయి. విడుదలకు ముందు వాటన్నిటినీ, తక్కెడ సొంత పరీక్షల్నీ కొత్త తక్కెడ మీద ఆడించి చూడటం అతని పని. ఆడినదానికి పచ్చ దీపం, చెడినదానికి ఎర్ర దీపం. పచ్చవాటి గురించి అతనెప్పుడూ ఫోన్ చేసిన పాపాన పోలేదు కాబట్టి ఆ పేరు.

"మేడమ్, అన్నీ పచ్చగా ఉన్నాయి" అన్నాడు.

అతను పచ్చ అన్నాడంటే వెనక ఇంకేదో ఉందని ఆమెకు తెలుసు. "చెప్పండి, ఏది పోయింది?"

"ఒక్కటే. మొదటి ఉదాహరణ."

బల్లకు ఆ కొసన కీబోర్డు టకటకలు ఆగిపోయాయి.

మొదటి ఉదాహరణ అంటే బంతి మొక్కలు. అత్తగారు వృక్షశాస్త్రం చెప్పేవారు. పెళ్లైన కొత్తలో ఇదే ఇంట్లో, వంటగది కిటికీ గట్టు మీద కుండీల్లో బంతి విత్తనాలు వేసి, మొలకలు వారం వారం ఎంత పెరుగుతున్నాయో కొలిచారు. ఆ కొలతల మీదే మామగారు తన ఇంజిన్ మొదటిసారి నడిపారు. మొక్క ఎంత ఎత్తు దాకా పెరిగి ఆగిపోతుందో అది చెప్పింది: ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. తక్కెడ మాన్యువల్ మొదటి పేజీలో ఆ జవాబు ఉంది. అక్కణ్నుంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఎన్ని తరగతుల్లో ఎన్ని వేల మంది పిల్లలు దాన్ని నల్లబల్ల మీంచి నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారో లెక్కలేదు.

కొత్త ఇంజిన్ నలభై ఏడు అంటోంది.

మామగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపం వచ్చినప్పుడు కాదు, జాలి కలిగినప్పుడు ఆయన అలా చేస్తారు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంజిన్ వెనక్కి తీసెయ్, అమ్మాయ్."

"తాళానికి ఇంకా టైముంది మావయ్యా."

"నియమం ఏముంది?"

నియమం ఆమెకు తెలుసు. జవాబు మారితే ఎందుకు మారిందో తాళంలోపు రుజువు చెయ్యాలి, లేకపోతే మార్చినదాన్ని పీకెయ్యాలి. ఆ నియమం పట్టుబట్టి రాయించింది ఆమే.

డెయిరీకి సెలవు పెట్టేసింది. తను రాసినదంతా మొదటి వరుస నుంచి మళ్లీ చదివింది. కొత్త ఇంజిన్‌ని వేరే వేరే చోట్ల నుంచి బయల్దేరదీసింది. ఎటు నుంచి వచ్చినా అది నలభై ఏడు దగ్గరికే వచ్చి ఆగుతోంది. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు, దొరకని తప్పుతో వేగడమే కష్టం. సాయంత్రానికి ఆమెకు తన మీద తనకే నమ్మకం సడలింది. లోకమంతా ముప్పై ఎనిమిది అంటుంటే తనొక్కతే నలభై ఏడు అనడం ఏం బాగుంది? నాలుగేళ్ల ఆదివారాలు కళ్లముందు తిరిగాయి. ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ ముక్కు మాత్రం ఎర్రబడింది.

భర్త పళ్ల డాక్టరు. సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి ఆ ముక్కు చూసి పక్కన కూర్చున్నాడు. "నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు.

"కళ్లకి గంతలు కట్టుకుని ఒకడు లోయలోకి దిగుతున్నాడనుకో. కాలితో తడుముతూ, పల్లం ఎటుంటే అటు అడుగేస్తాడు. నేల చదునుగా తగిలిందంటే ఇదే అట్టడుగు అనుకుని కూర్చుంటాడు. ఇంజిన్ చేసే పని అదే. మీ నాన్నగారి ఇంజిన్ ఒక చోట కూర్చుంది, నాది ఇంకో చోట కూర్చుంది."

"నొప్పి తగ్గగానే కుర్చీలోంచి లేచిపోయే పేషంట్లు ఉంటారు" అన్నాడతను. "పన్ను అలాగే ఉంటుంది. వాళ్లు మాత్రం నయమైపోయిందంటారు."

ఆమె నవ్వింది. ఆ సంగతి అంతటితో వదిలేసింది. వదిలెయ్యకుండా ఉంటే ఆ రోజే తేలిపోయేది.

శుక్రవారం మధ్యాహ్నం నలుగురూ వంటగదిలో గోడకి ఆనుకుని తింటున్నారు.  మామగారు కోడలి వైపు చూడకుండా కంచంలోకి చూస్తున్నారు. గెలిచినవాడి మొహం కాదది, పంచాయతీ చెప్పలేక ఇబ్బంది పడేవాడి మొహం.

"ఇంతకీ ఏమంటోందట నీ ఇంజిను?" అడిగారు అత్తగారు.

"మీ మొక్కలు నలభై ఏడు దాకా పెరుగుతాయంటోంది అత్తయ్యా."

"పెరుగుతాయేంటి, పెరిగాయి" అన్నారావిడ మంచినీళ్లు అందుకుంటూ. "కాలేజీకి సెలవులిచ్చారని కొలవడం ఆపేశాను గానీ, అవేం ఆగలేదు. పూలు ఆ కిటికీ రెండో అడ్డచువ్వ మీంచి బయటికి చూసేవి. నేనప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ముప్పై ఎనిమిదేంటండీ, నా మొక్కలు అంతకంటే ఎదిగాయని. నా మాట ఎవరికి కావాలి? నీకు మొక్కలంటే ప్రేమ, అందుకే పెద్దగా కనిపిస్తాయి అన్నారు ఈయన."

కోడలు కంచం గట్టు మీద పెట్టేసింది.

"కొలత అయిపోయాక చూసినది డేటా కాదు" అన్నారు మామగారు. "ముప్పై ఎనిమిదే సరైన జవాబు. సరైన జవాబుల ఫైల్లో ఉంది కదా."

"ఆ ఫైల్లోకి అది ఎక్కడ్నుంచి వచ్చింది మావయ్యా?"

"ఎక్కడ్నుంచేమిటి? తక్కెడే ఇచ్చింది. ఇచ్చినదాన్ని దాచాం. ప్రతి విడుదలకీ దాంతో పోల్చి చూస్తున్నాం."

"దాచేముందు దాన్ని సరిచూసిందెవరు?"



అంకె కనబడితే చాలు, ఇది ఎక్కడిది, ఎవరు కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు అని పీకల మీద కూర్చునే జాతి వాళ్లది. పేపర్లో ఒక శాతం కనబడితే కాఫీ చల్లారిపోయేదాకా దాన్ని చీల్చి చెండాడతారు. అలాంటివాళ్లు వందల మంది, పాతికేళ్ల పైమాటగా, తక్కెడ ఇచ్చిన జవాబుని తక్కెడ చేతే దిద్దించి నూటికి నూరు వేస్తూ వచ్చారు. ఒక్కరికీ అడగాలని తోచలేదు. చాదస్తం అని పేరు పడ్డావిడ కూడా నాలుగేళ్లలో అడగలేదు. అది తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది, వెంటనే దాని వెనకే కొండంత ధైర్యం కూడా వచ్చింది.

"అత్తయ్యా, టేపు ఉందా?"

కిటికీ గట్టు నుంచి రెండో అడ్డచువ్వ దాకా అరవై ఒక్క సెంటీమీటర్లు వచ్చింది. "కుండీ ఎత్తు తియ్యి" అన్నారు అత్తగారు. ఆనాటి కుండీ ఒకటి ఇంకా ఇంట్లోనే ఉంది, బట్టలారేసే క్లిప్పులు అందులోనే ఉంటాయి. భర్త క్లిప్పులు గుమ్మరించి కుండీ కొలిచాడు. పదహారు. అంటే చువ్వ దగ్గరికే నలభై అయిదు, దాని మీంచి పూలు బయటికి చూసేవంటే ఇంకాస్త పైన.

"కిటికీ చువ్వ సాక్ష్యం కోర్టులో చెల్లుతుందేమో గానీ స్టాటిస్టిక్స్‌లో చెల్లదు" అన్నారు మామగారు. అయినా ఆ గొంతులో మునుపటి బింకం లేదు.

"చెల్లదు" అని ఒప్పుకుంది కోడలు. "నా ఇంజిన్ని నమ్మకండి. మీదీ నమ్మొద్దు. రెండు జవాబులూ మీ చేతిలో ఉన్నాయి. ఏది లోయలో ఎక్కువ కిందకి ఉందో మీరే చేత్తో లెక్కేసి చూడండి. వెతకక్కర్లేదు, పోల్చితే చాలు."

 ఆయన లోపలికెళ్లి పాత క్యాలిక్యులేటరు, తెల్ల కాగితాలు తెచ్చుకున్నారు. బల్ల మీద కంప్యూటర్లు రెండూ ఆయనే మూసేశారు. "నువ్వు ముట్టుకోకు" అన్నారు కోడలితో. "నువ్వు కూడా" అన్నారు భార్యతో, ఆవిడ దేన్నీ ముట్టుకోబోకపోయినా.

లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గీత ప్రకారం ప్రతి వారం మొక్క ఎంత ఉండాలో చూసి, నిజంగా కొలిచిన ఎత్తుతో తేడా తియ్యాలి. ఆ తేడాని దానితోనే హెచ్చవేసి, వచ్చినవన్నీ కూడాలి. మొత్తం ఎంత తక్కువైతే గీత అంత బాగా కుదిరినట్టు. కొలతలు ఆయనకి కంఠతా వచ్చు, ఎన్ని తరాల పిల్లలకి చెప్పారో. క్యాలిక్యులేటరు మీటలు నొక్కుతూ, పెదాలు కదుపుతూ, కాగితం నింపుకుంటూ పోయారు. వంటగది గుమ్మంలో నిలబడ్డ ముగ్గురూ చూస్తున్నారు. భర్త ఏదో జోకు వెయ్యబోతే తల్లి మోచేత్తో పొడిచారు.

తన జవాబుకి మొత్తం పద్నాలుగు చిల్లర వచ్చింది. కోడలి జవాబుకి పదకొండు చిల్లర.

ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదట్నుంచీ వేశారు. పద్నాలుగు, పదకొండు. పెన్ను మూత పెట్టారు.

"ఆ రోజుల్లో కాలేజీ అంతటికీ ఒకటే కంప్యూటరు, నత్తలా నడిచేది" అన్నారు చివరికి. "మా వంతు అయ్యేలోపు ఆగాలి కదా అని, అడుగు కాస్త చిన్నదవగానే ఆగిపొమ్మన్నాను. ఆగమన్నచోట ఆగింది. పాపం, దాన్ని అని ఏం లాభం."

 ఆయన లేచి వంటగది కిటికీ దాకా నడిచి, రెండో చువ్వని వేలితో తాకి చూశారు. తర్వాత భార్య వైపు తిరిగి, "నీ మొక్కలు నిజంగానే ఎదిగాయి" అన్నారు.

"నాకు తెలుసు" అన్నారావిడ. ఆ రెండు మాటలు అనడానికి ఎన్నేళ్లు కాచుకున్నారో ఆ మొహం చూస్తే తెలుస్తోంది.

ఎర్రదీపానికి ఫోన్ చేసింది మామగారే. "సరైన జవాబుల ఫైల్లో ముప్పై ఎనిమిది తీసేసి నలభై ఏడు పెట్టండి" అన్నారు.  "సార్, పుస్తకాలన్నిట్లో..." అని నసిగాడతను. "పుస్తకాలవాళ్లు దిద్దుకుంటారు. రుజువు నా చేతి రాతతో పంపిస్తున్నా, అనుమానమున్నవాళ్లు క్యాలిక్యులేటరు తెచ్చుకోమనండి. అన్నట్టు, ఆ ఫైల్లో మిగతా జవాబులన్నీ ఎవరు సరిచూశారో కూడా కనుక్కోండి. అది తర్వాతి పని. కొత్త ఇంజిన్ మాత్రం ఉంటుంది."

తాళం పడేలోపు ఎర్రదీపం మళ్లీ ఫోన్ చేశాడు. అతని జీవితంలో మొదటిసారి, ఎర్ర దీపం ఒక్కటీ లేకుండా. ఎలా చెప్పాలో అలవాటు లేక, "మేడమ్, ఏమీ లేదు మేడమ్" అన్నాడు. కోడలు ఫోన్ పెట్టేసి అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. ఆవిడ చేతిలో గరిటె ఉంది, దాంతోటే వీపు నిమిరారు.

సోమవారం మధ్యాహ్నం విడుదల. తక్కెడ మనుషులంతా తెర మీద చిన్న చిన్న గళ్లలో కనిపిస్తున్నారు. ఒకాయన భుజం మీద పిల్లి, ఒకావిడ చేతిలో పాలసీసా పట్టుకున్న పసిపాప. పేరు మాత్రం మామగారు ఎవరికీ చెప్పలేదు. ఉదయమే తలుపేసుకుని టైపు చేసి, విడుదలకు ముందు తెరిచి చూడనని ఎర్రదీపం చేత ఒట్టు పెట్టించుకున్నారు. "బల్ల అయ్యుంటుంది" అన్నాడు భర్త. "నిలబడి తినలేక కాళ్లు లాగుతున్నాయని నాన్న రోజూ అంటున్నాడు."

కోడలు విడుదల ఆజ్ఞ టైపు చేసి మీట నొక్కింది. కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంది. తర్వాత ఒక్కో ఊరి నుంచీ ఒక్కో సర్వరు అందిందని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. గళ్లలో చప్పట్లు, కేకలు, పిల్లి అరుపు. పసిపాప కూడా ఏదో అర్థమైనట్టు కాళ్లాడించింది. అందరికంటే ముందు కొత్త తక్కెడ తెరిచిన ఎర్రదీపం మొదటి వరుస చూసి పకపకా నవ్వాడు. అతను నవ్వగా ఎవరూ ఎన్నడూ చూడలేదు.

కోడలు తన కంప్యూటర్లో తెరిచింది. కొత్త అంకె, దాని పక్కన ముద్దుపేరు: 'కోడలి చాదస్తం'.

"ఈ ఏడంతా నా ప్రాణం తోడినది అదే మరి" అన్నారు మామగారు అటువైపు చూస్తూ. "నియమం నియమమే."

ఈసారి ఆమె ఏడ్చేసింది. నవ్వుతూనే ఏడ్చింది. నాలుగేళ్ల కష్టం గట్టెక్కినందుకు, ఎవరినీ చిన్నబుచ్చకుండా గట్టెక్కినందుకు, ఆ మనిషి తన సొంత జవాబుని తన చేత్తోనే కొట్టేసి కోడలి పేరు పైన రాసినందుకు. కొళాయిల పక్కన, తలుపుల పక్కన తన చాదస్తం చేరడం ఆమెకు ఏ బిరుదూ ఇవ్వనంత గర్వాన్నిచ్చింది. అత్తగారు ఈలోగా వైర్లు చుట్టి, కంప్యూటర్లు రెండూ సోఫాలోకి చేరవేసి, బల్ల తుడిచి నాలుగు కంచాలు పెట్టేశారు. ఆ పూట అందరూ కూర్చుని తిన్నారు.

మర్నాడు ఆమె డెయిరీకి వెళ్లేసరికి పక్క టేబుల్ ఆయన అప్పటికే కొత్త తక్కెడ ఎక్కించుకుని, తన పాత లెక్కని దానికిచ్చి కూర్చున్నాడు. బ్యాగు కుర్చీకే తగిలించి ఉంది. తెర మీద ఎప్పుడూ 'జవాబు దొరకలేదు' అని పడేచోట ఒక అంకె ఉంది. ఆయన దాన్ని మూడోసారో నాలుగోసారో చదువుకుంటున్నాడు. ఆమెను చూసి కళ్లజోడు సర్దుకుని, తెర పైభాగాన మొదటి వరుస చూపించాడు.

"నిన్నట్నుంచీ అడుగుదామనుకుంటున్నానమ్మా. మీకు తెలిసే ఉంటుంది. ఎవరీ కోడలు?"

"నేనే" అంది.